చైనా రాజుకు పిన్ని వరస

మా ఆయన పోయేనాటికి నా కూతురు లంగా ఓణీ కూడా వెయ్యలేదు. కొన్నాళ్లకే తట్ట నెత్తికెత్తుకుని ఉప్పాడ నుంచి ఊళ్లమ్మట చేపలమ్మాను. ఈ గొంతు ఇలా గీరుకుపోయింది ఆ కేకల వల్లే. ఆ గొంతుతోనే పిల్లను నర్సింగు చదివించాను. అది దుబాయ్ వచ్చి అబుదాబిలో నర్సమ్మ అయింది. ఈ మాట అడిగినవాళ్లకూ చెబుతాను, అడగనివాళ్లకూ చెబుతాను. నా చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

కరోనా వచ్చిన ఏడు మేము అబుదాబి పక్కనే బనియాస్‌లో ఉన్నాం. కూతురికి కరోనా వార్డులో డ్యూటీ వేశారు. ఇంటికి రాకుండా ఆసుపత్రివాళ్లు ఇచ్చిన గదిలోనే పడుకునేది. అల్లుడు ఖోర్ ఫక్కాన్ పోర్టులో చిక్కుకుపోయాడు. ఇంట్లో మిగిలింది నేనూ, ఏడో తరగతి మనవరాలూ. బడి లాప్‌టాప్‌లోకి దూరి మా భోజనాల బల్ల మీద కూర్చుంది. తల్లి కంటికి కనబడక పిల్ల మాట తగ్గించేసింది. టీచరు పిలిచినా మైకు ఆపుకుని కూర్చునేది. చూసి చూసి టీచరు ఖాయం చేసింది. హిస్టరీలో తలా ఒక పాఠం క్లాసుకు చెప్పాలి, నోరు విప్పనివాళ్లకు దాని మార్కులు లేవు. మా పిల్ల వంతుకు చైనాలో సాంగ్ రాజులూ, వాళ్ల ఇరుగుపొరుగు రాజ్యాలూ వచ్చాయి.

"నేను చెప్పను అమ్మమ్మా. కెమెరా పాడైందంటాను."

"పాడైంది కెమెరా కాదే, నీ నోరు. ముందు నాకు చెప్పు. నేనేమన్నా మార్కులేస్తానా, తీస్తానా?"

రొయ్యలు ముందేసుకుని ఒలుస్తూ విన్నాను. సాంగ్ వాళ్లది కలిగిన రాజ్యమట. పట్టు, పింగాణీ, వరి, ఆఖరికి కాగితం డబ్బు కూడా ఉండేదట. వాళ్లకు ఉత్తరాన గుర్రాల మీద తిరిగే ఖితాన్ జనం, వాళ్లది లియావో రాజ్యం. ఇద్దరికీ సరిహద్దు తగువు. ఇంతలో ఖితాన్ రాజు చనిపోయాడు. కొడుకు చిన్నవాడు.

రొయ్య చేతిలోనే ఆగిపోయింది.

"మరి రాణి ఏం చేసిందే?"

"రాజ్యం ఆవిడే నడిపింది. కొడుకు పెద్దయ్యాక కూడా సైన్యంతో పాటు యుద్ధానికి వచ్చింది."

"గుర్రమెక్కా?"

"ఎక్కే ఉంటుందిలే."

"ఎక్కే ఉంటుందిలే అంటే ఎవరు నమ్ముతారే? ఎక్కింది అని గట్టిగా చెప్పు!"

వెయ్యేళ్ల కిందటి ఆడమనిషి. మా వీధిలో మనిషిలా అనిపించింది నాకు. మొగుడు పోతే మూల కూర్చోలేదు. నేను తట్ట ఎత్తుకున్నాను, ఆవిడ రాజ్యం ఎత్తుకుంది.

సాంగ్ రాజు కూడా సైన్యంతో నది ఒడ్డుకు వచ్చాడట. ఖితాన్ సేనాపతి బాణం తగిలి పోయాడు. అయినా ఎవరూ ఎవర్నీ గెలవలేకపోయారు. అప్పుడు రాజీ కుదిరింది. సాంగ్ రాజు ఏటా వెండీ పట్టూ పంపాలి, ఆయనా, రాణి కొడుకూ అన్నదమ్ములు అనుకోవాలి, ఆ రాణిని సాంగ్ రాజు ఆంటీ అనాలి.

"ఆంటీ ఏంటే? కింద కొట్టు అబ్బాయి కూడా నన్ను ఆంటీ అంటాడు. అదొక వరసా? ఏమవుతుంది ఆయనకి?"

"బుక్‌లో ఆంటీ అనే ఉంది అమ్మమ్మా."

సరే, మేనత్త అయి ఉంటుందని నేనే తేల్చేశాను. ఆడపడుచుకు పుట్టింటివాళ్లు సారె పెట్టినట్టు, పట్టూ వెండీ అందుకే పంపాడనుకున్నాను. సాయంత్రం కూతురు వీడియో కాల్ చేస్తే కథంతా అలాగే వినిపించాను. దాని ముఖాన మాస్కు గీతలు ఎర్రగా తేలి ఉన్నాయి. అలసిపోయి కూడా పకపకా నవ్వింది.

"అమ్మా, రాజులిద్దరూ అన్నదమ్ములంటున్నావు. మేనత్త కొడుకు బావ అవుతాడు గానీ తమ్ముడెలా అవుతాడే?"

నాలుక కరుచుకున్నాను. మా పేటలో ఏ పెళ్లికైనా వరసలు కుదిరాయో లేదో నన్నే అడుగుతారు. నాకే తప్పింది! పిల్ల పడీ పడీ నవ్వింది. దాని నవ్వు విని ఎన్నాళ్లయిందో. నవ్వు ఆపుకుంటూనే ఫోనులో వెతికింది. "తండ్రి తమ్ముడి భార్యట!" అంది.

"పిన్ని!" అని అటు తల్లీ ఇటు నేనూ ఒక్కసారే అరిచాం.

చెప్పాల్సిన రోజు వచ్చింది. కెమెరాకు కనబడకుండా బల్ల పక్కన కూర్చున్నాను. టీచరు పిలిచింది. పిల్ల మైకు తీసింది గానీ నోరు తెరవలేదు. ఇక ఆగలేకపోయాను.

"యల్లా! ఎత్తుకోవే తల్లీ!"

పద పద అనడానికి ఇక్కడి అరబ్బులు వాడే మాటే నా నోటికొచ్చింది. చేపలమ్మిన గొంతు కదా, క్లాసంతా మోగింది. పిల్లలు గొల్లుమన్నారు. మాదీ నవ్వేసింది, ఆ నవ్వులోంచే మొదలుపెట్టింది. ఇంగ్లీషులోనే చెప్పింది. నాకు ఇంగ్లీషు రాదు గానీ కథ వచ్చు కదా. ఖితాన్ అన్న మాట వినగానే గుర్రాలు వచ్చేశాయని తెలిసింది. "పిన్ని" మాత్రం తెలుగులోనే అంది. రాణి గుర్రమెక్కింది అన్నచోట నావైపు ఒక చూపు కూడా విసిరింది.

ఆఖర్న ఒక కుర్రాడు ఏదో అడిగాడు. ఏటా వెండి కట్టారంటే సాంగ్ వాళ్లు ఓడిపోయినట్టే కదా అన్నాడట. నేను చెంగు నోట్లో కుక్కుకున్నాను, ఈసారి అరవకూడదని. అది గుక్క తిప్పుకుని, ఎదురు చెప్పింది. ఏం చెప్పావే అని తర్వాత అడిగితే తెలుగులో వినిపించింది.

"శత్రువుకి కడితే ఓడినట్టు. వీళ్లు పిన్నిగారింటికి పంపారు. మా ఇళ్లల్లో పిన్నీ అని పిలిచాక ఇక కత్తి తియ్యలేం. వాళ్లు కూడా వందేళ్లకు పైగా తియ్యలేదు."

ఇందులో ఒక్క ముక్క నేను నేర్పలేదు. సొంతం. టీచరు చప్పట్లు కొట్టింది.

ఇంతలో ఎవరో ఆ అరిచింది ఎవరని అడిగారు. పిల్ల లాప్‌టాప్ నావైపు తిప్పేసింది. చేతులకు పసుపు, నెత్తిన చిక్కు, అలాగే కూర్చుని ఉన్నాను. "హలో ఆంటీ" అంది ఒక పిల్ల.

"ఆంటీ కాదు, అమ్మమ్మ" అంది మా పిల్ల, టీచరమ్మలా.

మలయాళీ పిల్ల శుభ్రంగా అంది, వాళ్లకూ అదే మాటట. పాకిస్తాన్ కుర్రాడు ఒక మకారం మింగేశాడు. ఫిలిప్పీన్స్ పిల్ల పాటలా సాగదీసింది. మర్నాటి నుంచి క్లాసు మొదలయ్యే ముందు తెర మీద ఏదో ఒక గడిలోంచి "అమ్మమ్మా" అని పిలుపు వచ్చేది. నేను వంటింట్లోంచే పలికేదాన్ని. మా పిల్ల మైకు ఆ తర్వాత మూతపడలేదు.

అంత గుర్రమెక్కి వస్తే ఆ మహారాణిని పిన్నీ అన్నది ఒక్క రాజ్యమే. నన్ను చూడండి మరి, వంటింట్లోంచి కదలకుండా ఎన్ని దేశాలకు అమ్మమ్మనయ్యానో.