పటిక పెట్టని ఇసుక

నిన్న ఆఫీసులో పక్క సీటు అమ్మాయి కొత్త కలంకారీ చున్నీ వేసుకొచ్చింది. అద్దకానికి ముందు గుడ్డకు పట్టించే పాలవాసన, కరక్కాయ వగరు ఇంకా వదల్లేదు. తిరుపతిలో కంప్యూటర్ ఆటల కోసం పాడుబడ్డ నగరాలు గీయడం నా ఉద్యోగం. కూలిన వంతెనకు రంగు వేస్తున్న చేయి ఆగిపోయింది. కాంతమ్మక్క గుర్తొచ్చింది.

డిగ్రీ చదివే రోజుల్లో శ్రీకాళహస్తిలో ఆమె దగ్గరే కలంకారీ నేర్చుకున్నాను. ఆమె గీసేవన్నీ దేవుళ్లే, పట్టాభిషేకాలు, కల్యాణాలు. నా గీత వంకరపోతే తిట్టేది కాదు, చేతిలో కలం లాక్కునేది. ఒకరోజు తెల్లగుడ్డ కోసం ఆమె పెట్టె తెరిస్తే అడుగున ఒక బొమ్మ కనిపించింది. విప్పి చూశాను. గాలిగోపురం మెడదాకా పసుప్పచ్చటి ఇసుకలో కూరుకుపోయింది. స్వర్ణముఖి ఏట్లో చుక్క నీరు లేదు. భుజాన ఉతకని గుడ్డలతో ఆడవాళ్లు ఏటికి ఎదురుగా వరసగా నిలబడి ఉన్నారు. దేవుళ్లను గీసే చెయ్యేనా ఇది? భయమేసింది. అయినా కళ్లు తిప్పుకోలేకపోయాను. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆమె గీసిన ఏ దేవుణ్నీ అంతసేపు చూడలేదు.

ఇట్లాంటిది ఎందుకు గీశావని అడిగాను.

"పోతాదని తెలిస్తేనే గదా పాపా, ఉండేదాన్ని కండ్లార సూసేది," అనింది.

ఆ ఇంట్లో ఏట్లో జాడించని గుడ్డ పూర్తయినట్టు కాదు. సాయం చేద్దామని, ఆమెకు చెప్పకుండా, ఓ రోజు మిగతా గుడ్డలతోపాటు ఆ బొమ్మనూ పారే నీళ్లలో పరిచాను. నా కళ్లముందే ఇసుకంతా కరిగి కొట్టుకుపోయింది. నల్లగీతలే మిగిలాయి. రంగు గుడ్డకు పట్టి నిలవాలంటే పటికనీళ్లు పెట్టాలి. అది ఆమె నాకు నేర్పిన మొదటి పాఠం. ఏడుస్తూ గుడ్డను తెచ్చి ఆమె ముందు పెట్టాను.

ఆమె గుడ్డను వేళ్లతో తడిమి చూసింది. "ఏడవద్దు. ఆ ఇసకకు నేనే పటిక పెట్టలేదు. పెడితే నిలిచిపోతాదని భయం."

బతుకంతా పటిక మరవని మనిషి కావాలనే మానేసింది.

ఆమె పోయాక, మొన్న వేసవిలో ఆ వీధికి వెళ్లాను. ఏరంతా ఇసుక. సిమెంటు తొట్టి దగ్గర, భుజాన గుడ్డలతో ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు, మోటారుకు కరెంటు ఎప్పుడొస్తుందా అని. ఆ వరస నేను ముందే చూశాను.

నేను కంప్యూటర్లో గీసే నగరాలను ఏ నీళ్లూ కడగలేవు, గీసింది గీసినట్టే నిలిచిపోతుంది. అందుకే ప్రతి బొమ్మలోనూ నదిని మాత్రం రంగు వేయకుండా తెల్లగా వదిలేస్తాను. ఎండిపోయినట్టు గీయమని మేనేజరు నిన్న మళ్లీ అడిగాడు. చేయి రాలేదు.