చెరువు ఆరేదాకా ఉల్లంకులు

పొద్దున మిరప నారుమడికి నీళ్లు చల్లుతుంటే ఫోన్ మోగింది. వేటపాలెం అవతల రొయ్యల చెరువు చేసే మా బావమరిది. పలకరింపూ లేదు, కుశలప్రశ్నా లేదు. "వచ్చాయి బావా," అని పెట్టేశాడు. ఏం వచ్చాయని మా ఇంట్లో ఎవరూ అడగరు. శ్రావణం వెళ్లే వేళకి మావైపు వచ్చేవి రెండే: నారుకి తెగులు, ఆ చెరువుకి ఉల్లంకి పిట్టలు. తెగులొస్తే మావాడు అంత సంబరంగా చెప్పడు. చెంబు అక్కడే వదిలేసి చొక్కా వెతుక్కున్నాను.

నేను వాటిని మొదటిసారి చూసిన ఏడు అక్కడ ఐదు లక్షల పిట్టలు వాలాయి. సరే, లక్ష. ఇది మా ఆవిడ కూడా చదువుతుంది గనక ఒప్పేసుకుంటాను, ఓ నాలుగైదు వందలుంటాయేమో. ఆ ఏడు తెల్లమచ్చ తెగులొచ్చి మావాడి రొయ్యంతా తేలిపోయింది. నీళ్లు తీసేసి అడుగు ఎండబెడుతున్నాడు. అడుగు బీటలు వారేదాకా ఎండితేనే తెగులు చచ్చేది, ఆ తర్వాతే సున్నం చల్లి మళ్లీ నీళ్లు పెట్టేది. గట్ల పక్కన నేల బిగిసింది గానీ నడిమధ్యన ఇంకా బురదే. సరిగ్గా ఆ బురద మీదే దిగాయి. మనిషిని చూసి సిగ్గుపడ్డట్టు నాలుగడుగులు పరిగెత్తి ఆగే బుడ్డవి, ఎర్రటి పుల్లల్లాంటి కాళ్లవి, కుట్టుమిషన్ సూదిలా ముక్కు దించి తీసేవి. అందులో పిచ్చుకంతది ఒకటి నా ఎదురుగా బురద పొడుచుకుంటోంది. అది మంచుదేశం నుంచి ఎగిరొచ్చిందని చదువుకున్నవాళ్లు చెబుతారు. నేను పొన్నూరు నుంచి బస్సులో వచ్చి నడుం పట్టుకుని కూర్చున్నాను.

మావాడికి ఇవేం పట్టలేదు. చంకలో టపాకాయల సంచి, కళ్లలో నిద్రలేమి. "ఇవి ఏ చెరువులో తిరిగొచ్చినయ్యో! మళ్లీ తెగులు మోసుకొస్తే ఇంక నా వల్ల కాదు బావా. చెరువొదిలేసి జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి పోతా," అన్నాడు. అని, ఒకటి అంటించి విసిరాడు.

ఆ చప్పుడుకి మొత్తం గుంపు ఒక్క దుప్పటిలా లేచింది. ఒక పక్కకి తిరిగితే మట్టిరంగు, మరో పక్కకి తిరిగితే ఆకాశంలో ఎవరో తెల్లచీర దులిపినట్టు ధగధగ. అన్ని రెక్కల్లో ఒక్కటి కూడా పక్కదానికి తగల్లేదు. మా తల మీదుగా వెళ్తుంటే ఆ గాలి నా బట్టతలకి చల్లగా తగిలింది. (తగల్లేదు. అంత కిందికి రాలేదు.) రెండు చుట్లు తిరిగి, ఏమీ జరగనట్టు అదే బురదలో దిగాయి. మావాడు రెండో టపాకాయ చేతిలో పట్టుకుని, అంటించడం మర్చిపోయి నోరు తెరుచుకు నిలబడ్డాడు.

అదే అదనని నేను అందుకున్నాను. "ఒరేయ్, ఉల్లంకి దానంతటది లేచిపోయేదాకా ఆగిన నేలకి తెగులు రాదని మా ముత్తాత చెప్పేవాడురా."

"నిజంగానా?"

"నీ మీదొట్టు."

నాతో వచ్చి గట్టు మీద అన్నం క్యారేజీ విప్పుతున్న మా ఆవిడ తలెత్తింది. "మీ ముత్తాత సముద్రం మొహం ఎప్పుడు చూశాడండీ?"

చూడలేదు. ఆయన మిరపచేలు దాటి ఎరగడు. కాకి తప్ప ఇంకో పిట్ట పేరు చెప్పినట్టు కూడా మా వంశంలో ఎవరికీ గుర్తులేదు. నాకు కావలసింది ఇంకొక్క పూట వాటిని చూడ్డం, అంతే. మావాడు మాత్రం సంచి మూతి కట్టేశాడు.

నాలుగు రోజులకి ఫోన్ చేశాడు. "లేచిపోయినయ్ బావా. నడిమధ్యన తిరిగొచ్చా, కాలు దిగలా!" అప్పుడు వెలిగింది నాకు. బురద గట్టిపడితే వాటి ముక్కు దిగదు, ముక్కు దిగకపోతే అక్కడ వాటికేం పని? అంతకుముందు మావాడు ఏటా తొందరపడి సగం ఆరిన అడుగుకే సున్నం కొట్టేవాడట. సరే, సున్నం చల్లి, నీళ్లు పెట్టి రొయ్యపిల్ల వదిలాడు. అది పట్టుబడికొచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. పాడైతే ఆ పాపం మా ముత్తాతది కాదు కదా! రొయ్య నిలబడింది. నా గొప్పేం లేదు, ఎండ గొప్ప. అయినా బంధువుల్లో కొన్నాళ్లు మీసం తిప్పాను.

ఇవాళ మేం గట్టెక్కేసరికి పక్క చెరువు రైతు నన్ను ఎవరో కొత్తవాడనుకుని వివరించాడు: "టపాకాయలు కాల్చమండీ. ఉల్లంకి లేచేదాకా ఆగాలని మా తాతల నాటి సామెత." నేను బుద్ధిగా తలూపాను. మావాడు దగ్గొచ్చినట్టు అటు తిరిగాడు. వాడి జుట్టూ తెల్లబడింది. అంతలో గుంపు లేచింది, తెల్లచీర మళ్లీ దులిపినట్టయింది.

"ఎన్నుంటాయంటారు?" అంది పక్కనే ఉన్న మా ఆవిడ.

"ఐదు లక్షలు."

ఈసారి ఆవిడ దిద్దలేదు. కాలం అందరి కాళ్ల కిందా నేలని చప్పుడు లేకుండా ఆరబెడుతూనే ఉంటుంది. ఇంకా మెత్తగా ఉన్నచోట నిలబడి చూసినంత మేరే మనది.