పత్తి గదిలో పోయిన నవల

క్రిస్మస్ సెలవులకి ఇంటికెళ్తే మా ముందుగదిలో మనుషులకి చోటుండదు. చేలో తీసిన పత్తంతా అక్కడే పోస్తారు, మంచి ధర వచ్చేదాకా అది అక్కడే ఉంటుంది. కిటికీ సగం మునిగిపోతుంది. టీవీ కూడా ఆ గదిలోనే ఉంది, గోడకి ఎత్తుగా బిగించారు కాబట్టి బతికిపోయింది. ఇంక మాకేం కావాలి! నేనూ మా తమ్ముడూ పత్తికుప్ప ఎక్కి పడుకుని పొద్దుట్నుంచీ సినిమాలే సినిమాలు. మార్టూరులో పిల్లలకి లెక్కలు చెప్పి, గోల చేస్తే బెంచీ ఎక్కించే టీచరమ్మని నేను. సెలవుల్లో మాత్రం నా వయసు పదేళ్లు. అంత సుఖం ఏ సినిమాహాల్లోనూ లేదు, ఒట్టు.

నాన్న పెట్టిన షరతు ఒక్కటే. పత్తిలో పత్తి తప్ప ఇంకేదీ పడకూడదు. చాక్లెట్ కాగితం ముక్క కనిపించినా బేరగాడు ధర కోసేస్తాడు. అందుకని తినేవీ, పెన్నులూ, పుస్తకాలూ ఏవీ లోపలికి తేకూడదు. మరి టీవీలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా నేనేం చెయ్యాలి? చున్నీ కింద దాచి ఒక నవల పట్టుకుపోయాను. పసితనంలో దూరమైపోయిన అమ్మని వెతుక్కుంటూ, కుట్టుపని చేసుకుని బతుకుతూ ఊరూరా తిరిగే ఒక అమ్మాయి కథ అది. ఫైటు వస్తే సినిమా, పాట వస్తే నవల. ఇంత గొప్ప సెలవులు ఇంకెవరికైనా దొరికాయా అని నాకు ఒకటే పొంగు.

నవల చివరికొచ్చింది. ఆ అమ్మాయి ఒక ఇంటి తలుపు కొట్టింది. సరిగ్గా అప్పుడే టీవీలో క్లైమాక్స్ ఫైట్ మొదలైంది. మా తమ్ముడు, ఇంజినీరింగ్ చదివే గాడిద, హీరోతో పాటు గాల్లోకి లేచి కుప్ప మీదకి దూకాడు. పత్తి కూలింది. నవల లోపలికి పోయింది.

ఇద్దరం మోచేతుల దాకా, ఆపైన భుజాల దాకా దిగబడి వెతికాం. ఎంత తవ్వితే అంత కిందికి జారిపోయింది. జుట్టునిండా పత్తితో బయటికొస్తే అమ్మ "ఏందే ఆ అవతారం?" అంది. తేలు కుట్టిన దొంగల్లా గుడ్లు మిటకరించాం.

"నాన్నకి చెప్పేద్దామా?" అన్నాను తమ్ముడితో.

"చెప్పు. నువ్వే చెప్పు," అన్నాడు వాడు.

చెప్పలేదు. ఇంక ఉన్నది ఒకటే దారి. నాన్న పత్తి అమ్మాలి. గోతాలకెత్తేటప్పుడు పుస్తకం బయటపడుతుంది, ఎవరూ చూడకముందే నేను లాగేసుకోవాలి. తమ్ముడికీ అదే కావాలి. పత్తి అమ్మిన రోజు అందరినీ చిలకలూరిపేట తీసుకెళ్లి కొత్త సినిమా చూపిస్తానని నాన్న మాటిచ్చాడు. ఆ సినిమా నేడో రేపో ఎత్తేసేలా ఉంది. ఫోన్లో కథ చెప్పేస్తారేమోనని వాడు స్నేహితులందరినీ బ్లాక్ చేసి కూర్చున్నాడు.

నాన్న మాత్రం భోజనం కాగానే తేమ చూసొస్తానంటూ గదిలోకి వెళ్లి తలుపేసుకునేవాడు. పత్తిని అంత శ్రద్ధగా చూసే రైతుని నేనెక్కడా చూడలేదు.

చివరికి బేరగాడు వచ్చాడు. మంచి ధర చెప్పాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నాన్న నేల చూపులు చూస్తూ, "రెండ్రోజులాగు తమ్ముడూ," అన్నాడు.

"ఆగితే దిగుద్దే గానీ పెరగదన్నా," అన్నాడు బేరగాడు.

"ఇంకా దేనికండీ ఆగడం? ఇంట్లో పత్తి, పక్కల్లో పత్తి, చివరికి కూరలో కూడా పత్తే!" అని అమ్మ లోపల్నుంచి అరిచింది.

నాన్న మళ్లీ తేమ చూసొస్తానంటూ గదిలోకి పోయాడు. బేరగాడు అరుగు మీద కాఫీ తాగుతూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది. గొడవ పెట్టుకుందామనే తలుపు తోశాను.

నాన్న కుప్ప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్లజోడు ముక్కు చివరికి జారింది. మీసానికి పత్తి అంటుకుంది. చేతిలో నా నవల ఉంది.

ఇద్దరం దొరికిపోయిన వాళ్లమే కాబట్టి కాసేపు ఎవరూ ఎవర్నీ తిట్టలేదు.

"తేమ చూడబోతే చేతికి తగిలింది," అన్నాడు. "నిన్ను నాలుగు తిడదామనే తీశా. ఓ రెండు పేజీలు చూద్దామనుకున్నా..."

"ఇవ్వు నాన్నా! నాది చివరి అధ్యాయం మిగిలిపోయింది."

"నాదీ అదే." పుస్తకాన్ని గుండెకి ఆనించుకున్నాడు. "ఆ పిల్ల తలుపు కొట్టింది చూడు, అక్కడ ఆపేశా. లోపల వాళ్లమ్మ లేకపోతే నావల్ల కాదమ్మా. నిన్నట్నుంచీ అదే దిగులు. అది తేలకుండా బేరం మీద మనసెట్టా పెట్టేది? ముందు నువ్వు చదివి చెప్పు."

చేలో పాముని తోక పట్టి విసిరేసే మనిషి ఈయన! నాకు పగలబడి నవ్వాలనిపించింది, ఆయన మీద ఎక్కడలేని ప్రేమా ముంచుకొచ్చింది. పక్కనే పడుకుని చదవడం మొదలుపెట్టాను. ఆయన పుస్తకం వంక చూడలేదు, నా మొహమే చూస్తున్నాడు. నేను పేజీ తిప్పితే ఊపిరి బిగబట్టాడు. నా కళ్లు చెమర్చగానే లేచి కూర్చున్నాడు.

"లేదా?" అన్నాడు.

"ఉంది నాన్నా. తలుపు తీసింది వాళ్లమ్మే."

నాన్న పుస్తకం అడగను కూడా లేదు. పత్తి మీంచి జర్రున జారి, చెప్పులైనా వేసుకోకుండా అరుగు మీదకి పరిగెత్తాడు.

"ఉందయ్యా! వాళ్లమ్మ ఉంది! కాటా తెచ్చుకో!"