చంద్రుడి మీద ఇరవై మూడు దిబ్బలు

1996 చలికాలంలో హైమవతి రెండు చోట్ల కాపురం ఉండేది. ఒకటి అశోక్‌నగర్‌లో అనసూయమ్మగారి మేడ మీద గది. రెండోది చంద్రుడి దక్షిణపు కొసన, ఎవరూ పేరు పెట్టని ఒక బూడిదరంగు నేల. మొదటిదానిలో నిద్రపోయేది. రెండోదానిలో మేలుకుని ఉండేది.

ఆమెకప్పుడు ముప్ఫై ఆరేళ్ళు. యూనివర్సిటీలో చంద్రుడి నేల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకుంది. చంద్రుడి మీద ఉద్యోగాలు లేకపోవడంతో భూమి మీద చేరింది. రోజూ ఏడున్నరకు నారాయణగూడ చౌరస్తాలో ఆఫీసు బస్సెక్కేది. ఊరి అంచున ఉన్న ఆ ఆఫీసులో ఉపగ్రహాలు తీసిన ఫొటోలు చూసి, ఏ చెరువు నిండిందో, ఏ చేను ఎండిందో చెప్పడం ఆమె పని. పదకొండేళ్ళుగా అదే చూసింది. ఆ ఫొటోల రంగుల లెక్కలో వరిచేలు ఎర్రగా ఉంటాయి. నీళ్ళు నల్లగా ఉంటాయి. సాయంత్రం బస్సు దిగి నడుస్తుంటే చిక్కడపల్లి మార్కెట్లో తోటకూర పచ్చగా ఉండటం ఆమెకు కొన్నిసార్లు వింతగా తోచేది.

రెండేళ్ళ క్రితం ఒక అమెరికా నౌక చంద్రుడి చుట్టూ రెండు నెలలకు పైగా తిరిగి, లక్షల ఫొటోలు తీసింది. ఆ ఫొటోలున్న సీడీలు ఆఫీసుకు వచ్చినప్పుడు, వాటి అట్టపెట్టె విప్పడానికి కత్తెర కోసం వెతికిన మనిషి హైమవతి ఒక్కతే. శనివారాలు ఆఫీసులో కూర్చుని వాటిని తెరమీద చూసేది. దక్షిణపు కొసన ఒక చిన్న ముక్క నచ్చింది. అందులో పేరున్న పెద్ద గుంత ఒక్కటీ లేదు. గుండ్రంగా, మెత్తగా, అన్నం ముద్దలు పేర్చినట్టు ఏవో ఉబ్బెత్తుగా ఉన్నాయి. దాన్ని నారాయణగూడలోని ఒక స్టూడియోలో అరటాకంత ఫొటోగా వేయించి, మేడ మీది గదిలో గోడకు తగిలించుకుంది.

ఆమెకు ఒక పద్ధతి ఉంది. ఏ ఫొటో చేతికొచ్చినా ముందు దాని అంచున ఎర్ర పెన్సిలుతో చిన్న సూర్యుణ్ణి గీసేది, వెలుగు ఏ పక్కనుంచి వస్తోందో గుర్తు కోసం. ఆ తర్వాతే నీడలు కొలిచేది. నీడ పొడవు తెలిస్తే ఎత్తు తెలుస్తుంది. అలా కొలిస్తే ఇరవై మూడు దిబ్బలు తేలాయి. అవి దిబ్బలే అయితే, ఒకప్పుడు అక్కడ లోపలినుంచి వేడి రాయి పైకి పొంగి గడ్డకట్టింది. అంత చల్లని చంద్రుడికి ఒకప్పుడు ఒళ్ళు కాలింది.

"చంద్రుడి మీద దిబ్బలు తర్వాత లెక్కపెడుదువుగాని, మేడ మీద ట్యాంకు నిండి కారుతోందేమో చూడు తల్లీ," అనేవారు అనసూయమ్మగారు కింద నుంచి.

ఈ దిబ్బల గురించి హైమవతి ఒక పేజీ రాసి, అహ్మదాబాద్‌లో ఫిబ్రవరిలో జరిగే సభకు పంపింది. సభ నడిపే సూర్యనారాయణమూర్తిగారు సొంత దస్తూరీతో జవాబు రాశారు. ఎప్పటికైనా చంద్రుడికి మన కెమెరా ఒకటి పంపాలనీ, అదెలా ఉండాలో ఆలోచించడానికి అయిదుగురితో చిన్న బృందం వేస్తున్నామనీ, ఆమె దిబ్బల పేపరు చదవగానే అయిదో పేరు ఆమెదే రాస్తాననీ. ఆ ఉత్తరం పట్టుకుని ఆమె సిటీ సెంట్రల్ లైబ్రరీ ముందు నిలబడిపోయింది. లోపల కుర్రవాళ్ళు గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్నారు. ఆమె పరీక్ష పాసైపోయింది. మన కెమెరా. ఆ మాట నోట్లో బెల్లంముక్కలా కరగనిచ్చుకుంటూ ఇంటికి నడిచింది.

సభ పదిరోజులుందనగా ఒక ఆదివారం పొద్దున మాసమ్మ బిందె పట్టుకుని మెట్లెక్కింది. పాలమూరు నుంచి వచ్చిన మనిషి. ఎదురుగా పాత పెంకుటిల్లు కూల్చి కడుతున్న అపార్ట్‌మెంటులో కూలిపని చేస్తోంది.

"హైమక్కా, జర బిందెడు నీళ్ళు వట్టుకుంట. మా మేస్త్రికి సిమెంటు దూప తెలుస్తది గాని మనుషుల దూప తెల్వదు."

"పట్టుకో మాసమ్మా."

బిందె నిండేలోగా మాసమ్మ గోడ మీది ఫొటో ముందు నిలబడింది.

"ఏంది గిది? ఎవరి మొకం?"

"చంద్రుడిది."

"అయ్యో పాపం. అమ్మవారు వోసినట్టున్నది గదా!"

హైమవతి నవ్వి, పక్కన నిలబడి వేలితో చూపించింది. "అవి మచ్చలు కాదు. దిబ్బలు. ఇరవై మూడు ఉన్నాయి."

"దిబ్బలా? యాడున్నయ్ దిబ్బలు? అన్నీ గుంతలే గదా."

"సరిగ్గా చూడు."

"సక్కగనే సూస్తున్న. ఇరవై ఏండ్ల సంది పునాదులు తవ్వుతున్న, గుంత నాకు తెల్వదా అక్కా? గీ పెద్దదాంట్ల నువ్వు వడ్డవనుకో, తాడేసి గుంజాలె నిన్ను." బిందె చంకనెత్తుకుని, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది. "ఏమో తియ్. సదువుకున్నోళ్ళ కండ్లకు గట్ల కనవడ్తదేమో."

ఆ మాట ఎగతాళికే అన్నది. హైమవతి మాత్రం మళ్ళీ ఫొటో వైపు తిరిగింది. ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతివాళ్ళూ మొదటి నెలలో ఇలాగే అంటారు. మన దేశం మీదుగా ఆఫీసు ఫొటోలు తీసే ఉపగ్రహం పొద్దున పదిన్నర ప్రాంతంలో వెళ్తుంది. అప్పుడు ఎండ ఆగ్నేయం నుంచి, అంటే ఫొటోకి కింది మూల నుంచి వస్తుంది. మనిషి కన్నేమో వెలుగు పైనుంచే వస్తుందనుకుంటుంది. అందుకే కొత్తవాళ్ళకు నల్లమల కొండలు లోయల్లాగా, కృష్ణానది లోయ ఎవరో పోసిన గట్టులాగా కనిపిస్తాయి. ఫొటోను తలకిందులుగా పెట్టి చూసుకోమని వాళ్ళకు చెబుతారు. హైమవతికి ఆ అవసరం తీరిపోయి చాలా ఏళ్ళయింది. ఆమె కన్నే తిరగబడి అలవాటు పడింది.

ఫొటో అంచున ఎర్ర సూర్యుడు ఎక్కడున్నాడో చూసింది. కింద, కుడిమూలన. పదకొండేళ్ళుగా ఎక్కడ గీస్తోందో అక్కడే గీసింది.

సీడీతో వచ్చిన జాబితాలో ప్రతి ఫొటోకీ సూర్యుడి దిక్కు రాసి ఉంటుంది. భూమి ఫొటోలకు ఆ వరుస చూడాల్సిన పని ఎన్నడూ పడలేదు. ఇప్పుడు కాగితాలు మంచం మీద పరిచి, ఆ వరుస దాకా వేలు జరిపింది. ఉత్తరం. ఇంకేముంటుంది? దక్షిణపు కొసన ఉన్న నేలకు ఎండ ఉత్తరం నుంచే రావాలి. అది స్కూలు పిల్లలు కూడా చెబుతారు.

కళ్ళు మూసుకుని, సూర్యుణ్ణి మెల్లగా పైకి జరిపి, ఫొటో పై అంచు మీద నిలబెట్టుకుని కళ్ళు తెరిచింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ తర్వాత ఇరవై మూడు దిబ్బలూ నిట్టూర్చినట్టు కిందికి దిగిపోయాయి. చప్పుడు లేకుండా, ఎవరో నిద్రలో ఊపిరి వదిలినట్టు. నేలంతా గుంతలే మిగిలాయి.

ఆమె బయటికి వచ్చి నడిచింది. చిక్కడపల్లి ఆదివారపు ఎండలో నిదానంగా ఉంది. వంకాయల గుట్టకు ఎడమపక్క నీడ. త్రాసు పళ్ళానికి లోపల నీడ. ఆగి ఉన్న రిక్షా టాపు కింద నిద్రపోతున్న మనిషి మోకాళ్ళ దాకా నీడ. ప్రతిదానికీ సూర్యుడు ఏ పక్కన ఉన్నాడో వెతుకుతూ నడిచింది. సభలో కూర్చునే ముప్ఫైమందిలో సగంమంది తనలాగే భూమి ఫొటోలతో కళ్ళు అరగదీసుకున్నవాళ్ళు. వాళ్ళకూ దిబ్బలే కనిపిస్తాయి. జాబితాలో ఆ వరుస ఎవరు చూస్తారు? కెమెరా ఎప్పటికో గాని పోదు. ఈలోగా ఎవరో ఒకరు గుంతలు చూస్తారు, అప్పటికి తను బృందంలో పాతబడిన మనిషి అయిపోయి ఉంటుంది. ఇంత సులభంగా ఇలాంటి ఆలోచన రావడం చూసి ఆమెకు భయమేసింది. ఆ తర్వాత ఎస్‌టీడీ బూత్‌లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"ఏమ్మా హైమా, టికెట్టు దొరకలేదా?" అన్నారు సూర్యనారాయణమూర్తిగారు.

"దిబ్బలు లేవండీ."

"ఏవి?"

"ఇరవై మూడూ. అవి గుంతలు. సూర్యుణ్ణి తప్పు పక్కన పెట్టాను."

అవతల వెనక ఎక్కడో కుక్కరు కూసింది.

"ఎవరు కనిపెట్టారు?"

"మా ఎదుటింటి పునాదులు తవ్వే ఆవిడ."

ఆయన నవ్వారు. నవ్వు త్వరగా ఆగింది. "పేపరు తీసేస్తే బృందంలో నీ పేరు నేను రాయలేనమ్మా. మిగతా నలుగురూ ఏం చేశారు ఈవిడ అని అడుగుతారు. గుంతలంటావా, చంద్రుడి నిండా అవే."

"తెలుసండీ. తీసేయండి."

"సభకైతే రా. వెనక వరసలో కూర్చుని విను."

"వస్తానండీ."

గదికి తిరిగొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. అనసూయమ్మగారి రేడియో కింద గొణుగుతోంది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది, రాలేదు. పాత లెక్కల పుస్తకం తెరిచింది. నీడలు అవే. పొడవులూ అవే. ఎత్తు అని ఉన్నచోటల్లా కొట్టేసి లోతు అని రాస్తూ పోయింది. పదిహేనోదాని దగ్గర చెయ్యి ఆగింది. పంతొమ్మిదోదాని దగ్గర మళ్ళీ ఆగింది. దిబ్బలనుకున్నప్పుడు ఆ రెండిటి పైన పడుకున్న పొడుగు నీడను కొలిచి ఊరుకుంది. ఇప్పుడది దిబ్బ నీడ కాదు. గుంత లోపల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చీకటి. అడుగు కనిపించదు. ఆ నౌక అదే చోటును నెల తర్వాత మరోసారి తీసింది. జాబితాలో వెతికితే ఆ సంగతి దొరికింది. ఆ ఫొటోను శనివారం ఆఫీసులో చూసినప్పుడు కూడా అక్కడ చీకటే ఉన్నట్టు గుర్తు.

అక్కడికి ఎండ ఎన్నడైనా దిగిందా? దిగకపోతే ఎన్ని కోట్ల ఏళ్ళుగా ఆ చల్లదనం అలాగే నిలిచి ఉంది? అందులో ఏముందో చూడాలంటే ఎండ అడగని కెమెరా కావాలి. గుంత గోడ మీద పడి చెదిరిన ఆ కొద్ది వెలుగునే చుక్కచుక్కగా పట్టుకుని దాచుకునే కెమెరా కావాలి. హైమవతి తెల్లకాగితం తీసి పైన తన పేరు రాసింది. ఏ బృందంలోనూ లేని మనిషి, ఎవరూ అడగని ఆ కెమెరా ఎలా ఉండాలో మొదటి వాక్యం రాయడం మొదలుపెట్టింది.