కార్పొరేటర్ గారి భార్య అడిగే మాట

ఆదివారం ఉదయం సరిగ్గా పదిన్నరకు, నాచారంలో మా బస్తీ కమ్యూనిటీ హాలులో, ఆమెపై నాకు అసూయ మొదలైంది. ఆమె మా కార్పొరేటర్ గారి భార్య. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి కనుక, మహిళల ఆరోగ్యంపై ఆమె చేయవలసిన ప్రసంగాన్ని నాచేత రాయించారు. ఎంతో శ్రద్ధగా రాశాను.

ఆమె ఆ కాగితాన్ని మడిచి నాకే ఇచ్చి, వేదిక దిగి, చాపలపై ఉన్న ఆడవాళ్ల మధ్య కూర్చున్నారు. ఎవరు కలిసినా ఆమె మొదట అడిగేది ఒకటే మాట. మా అమ్మ మోకాలిపై చేయి వేసి అదే అడిగారు.

"ఏం కూర వండినవ్ అక్కా?"

"కూర ఏడిది చెల్లె! తొక్కుతోనే తిన్నం. పొయ్యి కాడ నిలబడితే కండ్లు తిరుగుతున్నయ్."

"కొడుక్కు జెప్పినవా?"

"వాడు పెద్ద సదువు సదివిండు. గివన్నీ వానికెందుకు?"

అందరూ నవ్వారు. మహిళల ఆరోగ్యంపై నేను రాసిన కాగితం నా చేతిలోనే ఉంది. అమ్మ నాకు చెప్పని సంగతిని, కూర పేరడిగి ఆమె రాబట్టుకున్నారు. నాకు కడుపు మండింది.

"రేపు ఉప్పల్ దవాఖానాకు నేను తోల్కపోత" అన్నారామె.

"నేనున్నాను కదండీ" అన్నాను.

మరునాడు నేనే తీసుకువెళ్లాను. రక్తం తక్కువగా ఉందని మందులు రాశారు.

ఇప్పుడు అమ్మ కోలుకుంది. పని నుంచి రాగానే నేనూ "ఏం కూర వండినవ్ అమ్మా?" అని అడుగుతున్నాను. అమ్మ అన్నీ చెబుతుంది. కాని ముందుగా, "అచ్చం ఆ చెల్లె లెక్కనే అడుగుతున్నవ్ రా" అని మురిసిపోతుంది.