చింతపండు గోదాము కొన్న మర్నాడు

ఈ ఉదయం నల్లంపల్లి దగ్గర మా శీతల గోదాము తలుపు తీయగానే చల్లగాలితో పాటు చింతపండు పుల్లవాసన ముఖానికి తగిలింది. వెంటనే రంగమ్మక్క గుర్తొచ్చింది. తమిళనాడులోని ధర్మపురిలో ఆమె చింతపండు కొట్టులో పంతొమ్మిదేళ్లు లెక్కలు రాశాను. కాలేజీ చదువు లేదు. నాకొచ్చిన లెక్కలన్నీ అక్కడ కూర్చుని నేర్చుకున్నవే.

గోదాములో అప్పట్లో అక్కది మూడో వంతు. మిగతా రెండు వాటాలు ఇద్దరు అన్నదమ్ములవి. వాళ్లకి పడదు, ఏదో ఒకనాడు అమ్ముతారని ఆమె ముందే కనిపెట్టింది. అందుకని రోజూ బోణీ డబ్బు ఎంత వచ్చినా విడిగా బ్యాంకులో వేసేది. ఇంటి కప్పు కారినా దాన్ని ముట్టలేదు. అయితే బోణీ పెద్దదిగా ఉండాలని ఆమె పన్నే ఉపాయం చూడాలి. పొద్దున్నే ఎవరైనా పావుకిలోకి వస్తే, "కూచోమ్మా, కాపీ తాగు, ఇంకా తక్కెడకి పూజ కాలేదు" అని ఆపేది. హోటలాయన ఆటోలో రెండు మూటలు ఎక్కాకే పావుకిలో తూచేది.

"ఇది మోసం కాదా అక్కా?" అన్నాను ఒకసారి.

"ఎవర్ని మోసం చేసినాను? నన్నే కదా. ఆయమ్మకి ఊరికే కాపీ దొరికె."

నేను కొట్టులో చేరిన పదకొండో ఏట అన్నదమ్ములు వాటాలు అమ్మకానికి పెట్టారు. సేలం నుంచి ఒక పెద్ద కంపెనీ బేరానికి వచ్చింది. వాళ్ల చేతికి పోతే మా సరుకుకి చోటుండదు. ఎండలకి చింతపండు నల్లబడితే కొట్టు మూసుకోవలసిందే. నేను బ్యాంకులోని బోణీ డబ్బు రెండుసార్లు కూడి చూసి, "సరిపోతుందక్కా, నాలుగు వేలు మిగులుతుంది కూడా" అని గర్వంగా చెప్పాను.

"నీ కణక్కు సరే శీనా. కొన్న మర్నాడు కరెంటు బిల్లు ఎవరు కడతారు, మీ మామనా?"

వెలలో మూడొంతులు ఈ రోజే, నాలుగో వంతు వచ్చే పంట అమ్మాక ఇస్తానని అన్నదమ్ములకి చెప్పింది. కంపెనీవాళ్లు కాగితాలకే మూడు నెలలు అడిగారు. అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే అక్క మాటకి తలూపారు. వాళ్లు ఏకమైంది బహుశా అదొక్కసారే.

కొన్న నాలుగో రోజున గోదాము మోటారు కాలిపోయింది. చేతిలో ఉంచుకున్న డబ్బుతో సాయంత్రానికల్లా కొత్తది బిగించాం. ఒక్క మూట కూడా పాడవలేదు. "మీ మామ మంచోడు, కట్టినాడు పో" అంది అక్క.

ఆమె పోయి రెండేళ్లయింది. పక్క కొట్టు కొంటాను, ఉన్న డబ్బు సరిపోతుందా చూడమని ఇప్పుడు బజారులో వ్యాపారులు నా దగ్గరికి కాగితాలు తెస్తుంటారు. నేను కాగితం వెనక్కి తిప్పి, కొన్న తర్వాతి మూడు నెలల ఖర్చు ముందు రాయిస్తాను. బయానా ఇవ్వడానికి తొందరపడుతున్న ఒకాయన నిన్న విసుక్కున్నాడు.

"ఇంకా కొననే లేదు కదన్నా?"

"అందుకే ఇప్పుడు రాస్తా ఉండాము" అన్నాను.