పురుగుల కుండలు

రేవణసిద్ధప్ప రోజూ పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ఇష్టలింగాన్ని అరచేతిలో ఉంచుకుని పూజ చేసేవాడు. ఆ తరువాతే వసారాలోని కుండల మూతలు తీసి, జామకాయలు తొలిచే పురుగులకు కొత్త కాయలు వేసేవాడు.

1946లో హైదరాబాదులో జీవశాస్త్రం చదివి జహీరాబాద్ చేరిన అతనికి తోటల శాఖ సాబు ఒకాయన మాటిచ్చాడు. "జీతం లేకుండ ఏడాది ఈ పురుగుల్ని పెంచి, ఎట్ల బతుకుతయో చూసి చెప్పు. నౌకరీ నీదే."

అతను కోహీర్ జామతోటలన్నీ తిరిగి పురుగుల్ని తెచ్చి పెంచాడు. సాబు వచ్చినప్పుడల్లా తల్లి నాగమ్మ వేడి జొన్నరొట్టె పెట్టేది. చివరికి నౌకరీ సాబు బావమరిదికి దక్కింది. పైగా నిన్న కబురొచ్చింది: "రేపు పెద్ద సాబు చూడనీకి వస్తుండు. మా బావమరిదే పెంచిండని చెప్పు."

ఈ ఉదయం పూజలో శివుడికి బదులు సాబు మొహమే కనబడింది. పురుగుల్ని బయట వదిలేస్తే పక్క తోటలు పాడవుతాయి. చంపుదామంటే, అది లింగం పట్టిన చెయ్యి.

"అమ్మా, ఇయ్యాల వాళ్లకు ఖాళీ కుండలే చూపిస్త."

"మరి రొట్టె పెట్టాల్నా, వద్దా?"

"కడుపు నిండ పెట్టు. పగ నాది, రొట్టెది గాదు."

కుండల్లోని పురుగులన్నిటినీ వసారాలో కుమ్మరించాడు. పక్కింటి శాంతమ్మ అప్పుడే తన ప్రార్థన ముగించుకుని కోళ్లకు నూకలు చల్లబోతుంటే పిలిచాడు.

"అక్కా, నూకలు దాచుకో. జర నీ కోళ్లను మా వసారలకు తోలుతవా?"